రాగితీగ నుండి గాజుపోగునకు

పోచంపల్లి నేత నెరిగినవారికి ఒక సంగతి తెలియును. అక్కడి చీరపై కనుపించు పూవుగాని, ఏనుగుగాని, పలకల వరుసగాని మగ్గము మీద పుట్టినది కాదు. మగ్గమెక్కక ముందే పోగులను కట్టలుగా చేర్చి, రంగు అంటకూడని చోట గట్టిగా ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరిన పిదప ముడులు విప్పుదురు. అప్పుడు ఒక్కొక్క పోగు తన నిడివి పొడవునను కొంతమేర రంగుగాను, కొంతమేర తెలుపుగాను మారియుండును. ఆ పోగులను వరుస తప్పక పేర్చి నేసినప్పుడు బొమ్మ తేలును. పోగు జారినచో బొమ్మ అంచు చెదరును.

నేడు ఇట్టి ఊళ్ల ఇండ్లకు మరియొక జాతి పోగు వచ్చుచున్నది. అది గాజుపోగు. దానిపై సమాచారము కొంతమేర వెలుగుగాను, కొంతమేర చీకటిగాను ప్రయాణము చేయును. దీనినే వాడుకలో ఫైబరు ఇంటర్నెట్టు అనుచున్నారు.

1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు ఇచ్చట తొలి భూదానము లభించినప్పుడు పోచంపల్లి పేరు వార్తాపత్రికల ద్వారా దేశమున వ్యాపించెను. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొన్నప్పుడు ఆ వార్త కొన్ని నిమిషములలో ఫోనులకు చేరెను. దూరపు నగరములలోని కొనుగోలుదారు ఈనాడు చీరను ఫోను తెరపై చూచి బేరమాడుచున్నాడు. ఇట్లు చీరలమ్ముకొను నేతకుటుంబ మొకటి యున్నదనుకొనుడు. నెలనెలా డబ్బు కట్టుచున్నను వీడియో నడుమ నడుమ ఆగిపోవుచున్నది. సంస్థవారు పై పథకము తీసికొనుమందురు. పొరుగువారు సంస్థనే మార్చుమందురు. రూటరును ఒక గోడకు ఇవతలికి జరిపినచో చాలునేమో అన్న ఆలోచన ఎవరికిని రాదు. ఈ మూడింటిలో ఏది తగిన వైద్యమో తెలియవలెనన్నచో ముందు రోగమెక్కడున్నదో తెలియవలెను. హైదరాబాదు నుండి ఇంటిలోని ఫోను వరకు సమాచారము నడచు త్రోవలో అన్నిటికంటె ఇరుకైన చోటేదో, దొరకు వేగము అంతే. మిగిలిన త్రోవ నెంత వెడల్పు చేసినను ప్రయోజనము లేదు.

వేగమనగా నేమి?

బిల్లుపై "100 ఎంబీపీఎస్" అని వ్రాసియుండును. అనగా సెకనుకు 100 మెగాబిట్లు. బిట్టు సమాచారములో అతి చిన్న పలుకు; ఒకటి లేక సున్న, వెలుగు లేక చీకటి. కాని ఫోనులోని ఫొటో పరిమాణమును మెగాబైట్లలో చూపుదురు. ఒక బైటునకు ఎనిమిది బిట్లు. కావున 100 మెగాబిట్ల వేగమున సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లకు మించి రావు. నూరు చెప్పి పన్నెండిచ్చిరని అలుగువారు ఈ ఎనిమిది చేత భాగించుట మరచినవారే.

సమాచారము రెండు దిక్కుల నడచును. బయటినుండి ఇంటికి వచ్చుట డౌన్‌లోడు. ఇంటినుండి బయటికి పోవుట అప్‌లోడు. సినిమా చూచువారికి మొదటిది ముఖ్యము, చీరలమ్మువారికి రెండవది. ప్రకటనలలో పెద్ద అంకెలతో వేయునది సాధారణముగా మొదటిదే. చీర కొంగును, అంచును చూపుచు తీసిన వీడియో 40 మెగాబైట్లున్నచో అది 320 మెగాబిట్లగును. అప్‌లోడు వేగము సెకనుకు అర మెగాబిట్టయినచో అది పోవుటకు 640 సెకనులు, అనగా పది నిమిషములకు పైగా పట్టును. వేగము 50 మెగాబిట్లయినచో ఆరున్నర సెకనులు చాలును. కొనువారు పది నిమిషములు కాచుకొనియుండరు.

మూడవది ఆలస్యము. ఒక పలుకు పోయి బదులు తిరిగివచ్చుటకు పట్టు కాలమిది. దీనిని సెకనులో వెయ్యవ వంతులతో, అనగా మిల్లీసెకనులతో కొలుతురు. ముఖాముఖి సంభాషణలో మాటకు మాట అందకపోవుటకు తరచుగా ఇదియే కారణము. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదు నుండి పోచంపల్లికి 50 కిలోమీటర్ల పోగు పరచినదనుకొన్నను, వెలుగునకు పట్టునది మిల్లీసెకనులో నాల్గవ వంతు మాత్రమే. కనుక ఆలస్యము దూరము వలన కాక, త్రోవలోని యంత్రముల వద్ద వరుసలో నిలబడుట వలన ఎక్కువగా కలుగుచున్నది. టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) 2024లో చేసి అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలుపరచిన నిబంధనలలో తీగ ద్వారా వచ్చు బ్రాడ్‌బ్యాండుకు ఈ ఆలస్యము 50 మిల్లీసెకనులు మించరాదని నిర్ణయించిరి. వేగము హెచ్చించిన పథకము కొన్నంత మాత్రమున ఆలస్యము తగ్గునని అనుకొనరాదు.

రాగితీగ

మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చెను. అప్పుడది టెలిఫోను మాట పోవు సందులోనే పోవలసివచ్చెను. మాట అర్థమగుటకు టెలిఫోనులో సెకనుకు 300 మొదలు 3,400 కంపనముల మేర చాలును. ఆ ఇరుకు సందులో ఎంత నేర్పు చూపినను సెకనుకు 56 వేల బిట్లకు మించి పట్టలేదు. పైగా ఇంటర్నెట్టు నడచుచున్నంతసేపు ఫోను మూగదై యుండెడిది.

అదే రాగితీగలో 3,400 కంపనములకు పైనున్న చోటంతయు ఖాళీగా పడియున్నదని గ్రహించుటయే తరువాత వచ్చిన ఏ.డి.యస్.ఎల్. పద్ధతి మర్మము. 25 వేల కంపనముల నుండి సుమారు 11 లక్షల వరకుగల మేరను సమాచారమునకు విడిచి, అడుగున మాటను మాటగానే ఉంచిరి. ఆ మేరలో 1,38,000 వరకుగల చిన్న ముక్క అప్‌లోడునకు, మిగిలిన పెద్ద భాగము డౌన్‌లోడునకు కేటాయించిరి. ఆ పేరులోని మొదటి అక్షరమునకు అర్థము "అసమానము" అనియే. ఇంటివారు చూచువారే గాని చూపించువారు కారని నాటి ఇంజనీర్ల ఊహ. సరకు చూపించి బ్రతుకువారికి ఆ ఊహ అనుకూలము కాలేదు.

బి.యస్.ఎన్.ఎల్. 2005 జనవరిలో ఈ పద్ధతి బ్రాడ్‌బ్యాండును ఆరంభించెను. ఆనాటి ప్రభుత్వ విధానము ప్రకారము సెకనుకు 256 కిలోబిట్లున్న చాలును, దానిని బ్రాడ్‌బ్యాండనవచ్చును. 2013లో ఆ కనిష్ఠము 512 కిలోబిట్లయ్యెను. 2023 జనవరిలో 2 మెగాబిట్లయ్యెను. పద్దెనిమిది ఏండ్లలో మాట అదే యుండగా అర్థము ఎనిమిది రెట్లు పెరిగినది.

రాగితీగకు పుట్టుకతో వచ్చిన దోషమొకటి కలదు. కంపనములు హెచ్చినకొలది విద్యుత్ప్రవాహము తీగ నడిమిభాగమును విడిచి పైపొరను మాత్రమే ఆశ్రయించును. ప్రవహించు చోటు సన్నగిలుటచే నిరోధము హెచ్చును, సంకేతము నీరసించును. ఇదిగాక ఒకే కేబులులో ప్రక్కప్రక్కన నున్న జతల గుసగుసలు ఒకదానిలో ఒకటి చొరబడును. అందుచే ఎక్స్‌ఛేంజి ప్రక్క యింటివానికి ఈ పద్ధతిలోని మెరుగైన రకమున 24 మెగాబిట్ల వరకు రావచ్చునుగాని, ఐదు కిలోమీటర్ల ఆవలి యింటికి వచ్చునది పేరునకు మాత్రమే. ఇద్దరును కట్టు డబ్బు ఒకటియే కావచ్చును. ఇది ఉద్యోగుల అలసత్వము కాదు, రాగి స్వభావము. ఇట్టి ఇల్లు రాగి మీదనే యుండి పై పథకము కొన్నచో ఆ డబ్బు వ్యర్థము.

గాజుపోగు

ఇండ్లకు వచ్చు గాజుపోగు నడుమ 9 మైక్రానుల మందముగల గర్భముండును. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు. జిగురు తీసిన పట్టు ఒంటిపోగు మందము 10 మైక్రానుల పైచిలుకు. అనగా గాజుపోగు గర్భము పట్టుపోగు కంటె సన్నము. గర్భము చుట్టును 125 మైక్రానుల మేరకు మరియొక గాజు తొడుగుండును. రెండును గాజే అయినను గర్భపు వక్రీభవన గుణకము తొడుగు గుణకము కంటె రవ్వంత, నూటికి అర వంతు కంటె తక్కువ, హెచ్చుగా నుండునట్లు చేయుదురు. ఆ రవ్వంత భేదమే ఈ పని అంతటికిని మూలము. గర్భము నుండి తొడుగు వైపు ఏటవాలుగా పోవు వెలుగు సందిగ్ధ కోణమును మించినప్పుడు బయటికి పోలేక సంపూర్ణముగా లోపలికే మరలును. ఈ పోగులో సందిగ్ధ కోణము సుమారు 85 డిగ్రీలు. కనుక వెలుగు పోగు పొడవును దాదాపు ఒరసికొనుచు పోవలెను. (ఇంత సన్నని గర్భములో వెలుగును కిరణముగా గాక తరంగముగా లెక్కించుటయే సరియైనది. హైస్కూలు తరగతులకు కిరణముల బొమ్మ చాలును.)

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా అడుగున ప్రక్కగా చిన్న రంధ్రము చేసి నీరు నింపుడు. గది చీకటి చేసి, రంధ్రమునకు సరిగా ఎదుటివైపు నుండి టార్చి వెలుగును రంధ్రము మీదికి పంపుడు. నీటిధార వంగి బకెట్టులో పడునప్పుడు వెలుగు కూడ ధారతోపాటు వంగి, నీరు పడిన చోట తళుక్కుమనును. జెనీవా నగరమున కొలడోన్ 1841లోను, లండనులో టిండాల్ 1854లోను చూపినది ఈ వింతనే. ఐతే ఇంటికి వచ్చిన గాజుపోగు కొనను మాత్రము కంటికెదురుగా పెట్టి చూడరాదు. అందులోని వెలుగు కంటికి కనబడనిది. కనబడలేదు గనుక లేదని భ్రమపడుటకు వీలున్నది.

పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో లండనులో హాప్కిన్స్‌తో కలిసి గాజుపోగుల కట్ట ద్వారా ఒక చిత్రమును ఈ కొన నుండి ఆ కొనకు చేర్చి చూపెను. అది కొద్దిపాటి దూరము. నాటి గాజులో వెలుగు కిలోమీటరు పోవుట అసాధ్యము. 1966లో ఛార్లెస్ కావో ఇంగ్లండులో తన సహచరుడు హాక్‌హామ్‌తో కలిసి లెక్కకట్టి, దోషము గాజుది కాదనియు, గాజులోని మాలిన్యములదనియు చెప్పెను. మాలిన్యములు తొలగించి, కిలోమీటరునకు 20 డెసిబెళ్లకు నష్టమును తగ్గింపగలిగినచో దూరవార్తలకు గాజు పనికివచ్చునన్నది అతని వాదము. 20 డెసిబెళ్లనగా కిలోమీటరు చివర నూటికి ఒక వంతు వెలుగు మిగులుట. ఇంత తక్కువ కోరినను ఆనాడది దురాశగా కనబడెను. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు ఆ హద్దును దాటిరి. కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించెను. నేటి మేలురకపు పోగులో నష్టము కిలోమీటరునకు 0.2 డెసిబెలు. కావో ఒక కిలోమీటరునకు కోరిన ఫలము నేడు 100 కిలోమీటర్ల చివర దొరకుచున్నది.

ఇచ్చట విద్యార్థులకొక లెక్క. ఇండ్లకు వచ్చు జీపాన్ పద్ధతిలో సెకనుకు 2,488 మెగాబిట్లు దిగివచ్చును. సెకనులో వెలుగు గాజులో 2 లక్షల కిలోమీటర్లు పోవును. దూరమును బిట్ల సంఖ్యచే భాగించినచో ఒక్కొక్క బిట్టు పోగుపై ఆక్రమించు నిడివి 8 సెంటీమీటర్లు. అనగా ఏ క్షణమునందైనను ఆ పోగును నిలిపి చూడగలిగినచో ఎనిమిదేసి సెంటీమీటర్ల వెలుగు, చీకటి ముక్కలు వరుసగా కనబడును. ముడికట్టి రంగద్దిన నూలుపోగు దీనికి చాల దగ్గరి పోలిక. అయితే నూలుపోగు మగ్గము మీదికి నెమ్మదిగా పోవును. ఇది సెకనుకు రెండువందల యాభైకోట్ల ముక్కల చొప్పున పరుగెత్తును.

వీధికొక పోగు

సంస్థ కార్యాలయము నుండి ప్రతి యింటికిని వేరువేరు పోగు వచ్చునని పలువురు తలతురు. అట్లు కాదు. కార్యాలయము నుండి వీధి వరకు ఒకే పోగు. వీధిలోని చిన్న పెట్టెలో దానిని 32 కొమ్మలుగా చీల్చుదురు. ఒక్కొక్కచోట 64 చేయుదురు. ఆ పెట్టెకు విద్యుత్తు అక్కరలేదు. వెలుగును పంచుటయే దాని పని. దిగివచ్చు సమాచారము ముప్పదిరెండు ఇండ్లకును చేరును; ప్రతి యింటి యంత్రము తన పేర వచ్చినదానిని మాత్రమే విప్పి చదువును. ఎగువకు పోవునప్పుడు మాత్రము ఇండ్లు వంతుల ప్రకారము పలుకవలెను. లేనిచో ఒకరి వెలుగు మరియొకరి వెలుగుతో కలిసి చిక్కుపడును.

2,488ని 32చే భాగించినచో ఇంటికి 78 మెగాబిట్లు కూడ రావు. అట్లయినచో అందరికిని నూరేసి, రెండువందలేసి ఎట్లమ్ముచున్నారు? ముప్పదిరెండు ఇండ్లును ఒకే క్షణమున నిండు వేగమును కోరవను నమ్మకము మీదనే. ఊరిలో కొళాయిలన్నిటికి సరిపడు నీరు ఏకకాలమున వదలగల గొట్టము నెవరును వేయరు గదా. ఈ లెక్క పగలు చక్కగా నిలుచును. రాత్రి తొమ్మిది గంటల వేళ, అందును క్రికెట్ పందెము నాడు, తడబడవచ్చును. అయితే ఆ ఇరుకు చాలమారులు వీధిపోగులో గాక, ఊరి నుండి నగరమునకు సంస్థ తీసికొన్న పెద్ద త్రోవలో నుండును. ఇట్టి ఇరుకునకు ఇంటివారు పథకము పెంచుకొనుట మందు కాదు.

పంచుకొనుటలో వెలుగు కూడ తగ్గును. ముప్పదిరెండు భాగములు చేసినచో లెక్కకు 15 డెసిబెళ్లు, ఆచరణలో సుమారు 17 డెసిబెళ్లు పోవును. ఐదు కిలోమీటర్ల పోగులో మరి రెండు. ఈ పద్ధతిలో సాధారణముగా వాడు యంత్రములు భరింపగల మొత్తము నష్టము 28 డెసిబెళ్లు. అనగా పంపిన వెలుగులో ఆరువందల ముప్పదవ వంతు చేరినను చదువగలవు. మిగిలిన తొమ్మిది డెసిబెళ్ల వెసులుబాటును అతుకులు, మురికి పట్టిన కొనలు, వంపులు తినివేయును. మేకుకు గట్టిగా చుట్టిన పోగులో వెలుగు సందిగ్ధ కోణమును తప్పి బయటికి జారిపోవును. అందువలననే ఇంటిలోని యంత్రముపై ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు మొదట చూడవలసినది కిటికీ సందున నలిగిన పోగునే. తలుపు క్రింద నలుగుచున్న పోగును సరిచేయక సంస్థను మార్చిన ఇండ్లు లేకపోలేదు.

గాజు గొప్పతనము మరియొకటి కలదు. జీపాన్ పద్ధతి 1,490 నానోమీటర్ల వెలుగును దిగువకు, 1,310 నానోమీటర్ల వెలుగును ఎగువకు వాడును. సెకనుకు పదివేల మెగాబిట్ల కొత్త పద్ధతి 1,577, 1,270 నానోమీటర్లను వాడును. రంగులు వేరు గనుక పాతదియు కొత్తదియు అదే పోగులో ఒకదానికొకటి అడ్డురాక పోగలవు. కావున మరల వీధి త్రవ్వనక్కరలేదు. రెండు కొనలలోని యంత్రములను మార్చిన చాలును. రాగితీగను వేగపరచుటకు తీగనే కుదించవలసివచ్చెను. గాజుపోగున కట్టి బాధ లేదు.

ఇంటిలోపల

ఇంతదూరము వచ్చిన వేగము తరచుగా చివరి ఐదు గజములలో పోవుచున్నది. రూటరు నుండి ఫోనునకు గాలిలో వచ్చు వైఫై రెండు పట్టీలలో నడచును. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలను కొంత సులభముగా దాటునుగాని, అందులో ఒకదానితో ఒకటి రాచుకొనని సందులు మూడే. ఇరుగుపొరుగు రూటర్లన్నియు ఆ మూడింటిలోనే గొంతెత్తుచుండును. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చోటెక్కువ, వేగమెక్కువ. కాని గోడ దాటుట కష్టము. ఈ సీమలోని పాత ఇండ్ల రాతిగోడల మందము తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. రూటరు ముందుగదిలో అటకపై నుండి, చీరలు చూపు గది రెండు గోడల ఆవల నున్నచో, పథకము 100 అయినను 500 అయినను ఫోనుకు చేరునది ఒకటే కావచ్చును.

గాలిని విడిచి కేబులు వేసినవారికిని ఒక చిక్కున్నది. ఆ కేబులులో నాలుగు జతల తీగలుండును. 100 మెగాబిట్ల వేగమునకు రెండు జతలు చాలును. వెయ్యి మెగాబిట్లకు నాలుగు జతలును కావలెను. ఎలుక ఒక తీగను కొరికినను, కొనలో ఒక తీగ సరిగా కూర్చుండకున్నను, మిగిలిన రెండు జతలు బాగున్నచో యంత్రము కిమ్మనక 100 మెగాబిట్లకు దిగిపోవును. పాత రూటర్లలో కొన్నిటికి వెయ్యి మెగాబిట్ల రంధ్రమే లేదు. 300 మెగాబిట్ల పథకమునకు డబ్బు కట్టి, కేబులుపై కొలిచినప్పుడెల్ల 94 లేక 95 మాత్రమే చూచువారు ముందు ఈ రెంటిని పరీక్షించుట మేలు.

పరీక్ష సులభము, దీనిని ఒక తరగతి విద్యార్థులు వారము రోజుల పనిగా చేయవచ్చును. ఉదయము ఆరు గంటలకు, రాత్రి తొమ్మిది గంటలకు, రూటరునకు కేబులుతో కట్టిన కంప్యూటరుపై ఒకమారు, దూరపు గదిలోని ఫోనుపై ఒకమారు డౌన్‌లోడు, అప్‌లోడు, ఆలస్యము కొలిచి పట్టికలో వ్రాయవలెను. కొలుచునప్పుడు ఇంటిలో ఇతరులెవరును వాడుచుండరాదు. కేబులుపై రెండు వేళలను నిండుగా వచ్చి, ఫోనుపై మాత్రమే తగ్గినచో దోషము ఇంటిలోనిది. సంస్థకు చెప్పిన లాభము లేదు. ఉదయము నిండుగా, రాత్రి సగముగా వచ్చినచో ఇరుకు బయటనున్నది. ఆ పట్టికయే ఫిర్యాదునకు సాక్ష్యము. ఎల్లవేళల కేబులుపై నిండుగా వచ్చుచు, అయినను ఇంటి అవసరములకు చాలనిచో, అప్పుడు మాత్రమే పై పథకము కొనుటకు అర్థమున్నది.

సంస్థలు మారినప్పుడు

1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి దొరకినది మొదలు ఈ రంగమున పేర్లు నిలకడగా లేవు. హైదరాబాదున బీమ్ టెలికాం పేరుతో వెలసిన సేవ 2010 దశకమున బెంగుళూరు సంస్థయైన యాక్ట్‌లో కలిసి ఆ పేరే పెట్టుకొనెను. ఆ యాక్ట్ సంస్థయే 2017 మార్చిలో హైదరాబాదున సెకనుకు వెయ్యి మెగాబిట్ల సేవను ప్రారంభించెను. 2018 అక్టోబరులో రిలయన్సువారు హాత్‌వే, డెన్ కేబులు సంస్థలలో అధికభాగమును కొనుచున్నట్లు ప్రకటించిరి. 2019 సెప్టెంబరులో వారి జియో ఫైబరు వచ్చెను. గ్రామములకు పోగు పరచుటకై కేంద్రప్రభుత్వము 2012లో ఏర్పరచిన బి.బి.ఎన్.ఎల్.ను బి.యస్.ఎన్.ఎల్.లో కలుపుటకు 2022 జూలైలో మంత్రిమండలి ఆమోదించెను.

ఇట్లు పేరు మారినప్పుడు స్తంభముపైని పోగు మారదు. వీధిలో దానిని కనిపెట్టి యుండునది పలుచోట్ల స్థానిక కేబులు ఆపరేటరే. రెండు సంస్థలకును అతడే పనిచేయు వీధిలో సంస్థను మార్చినవారికి అదే స్తంభము, అదే మనిషి, అదే నలిగిన పోగు మరల దొరకవచ్చును. కనుక కొత్త సంస్థవారిని అడుగవలసిన మొదటి ప్రశ్న ధరను గూర్చి కాదు. పోగు ఎవరిది, తెగినప్పుడు ఎవరు వచ్చి అతుకుదురు, అప్‌లోడు వేగమెంత అని. ఆ తరువాత ధర.

మొబైలు నంబరును మార్చకయే సంస్థను మార్చుకొను వీలు 2011 జనవరి నుండి దేశమంతట కలదు. ఇంటి బ్రాడ్‌బ్యాండుకు అట్టి పద్ధతి లేదు; పాతదానిని విడిచి కొత్తదానిని తీసికొనుటయే. పాత సంస్థ ఇచ్చిన గాజుపోగు యంత్రము సాధారణముగా కొత్త సంస్థవద్ద పనిచేయదు. దానిని అప్పగించి రసీదు తీసికొనవలెను. సొంతముగా కొన్న వైఫై రూటరు మాత్రము పనికివచ్చును. పాత సంస్థ పేరుతో నున్న ఈమెయిలు చిరునామాను బ్యాంకుకు, ఖాతాదారులకు ఇచ్చియున్నవారు ముందుగా దానిని మార్చుకొనుట అవసరము. అంగడిలోని కెమెరాను బయటి ఊరినుండి చూచువారికి మరియొక చిక్కు రావచ్చును. పాత పద్ధతి ఇంటర్నెట్టు చిరునామాలు ప్రపంచము మొత్తమునకు 429 కోట్లే గనుక, అనేక సంస్థలు ఒకే చిరునామాను పలు ఇండ్లకు ఉమ్మడిగా ఇచ్చుచున్నవి. ఉమ్మడి చిరునామా నుండి లోపలివారు బయటికి పోవచ్చునుగాని, బయటివారు నేరుగా లోపలి కెమెరాను పిలువలేరు. వ్యాపారముగల ఇంటివారు కొత్తది వచ్చి స్థిరపడు వరకు కొన్నిదినములు రెంటిని ఉంచుకొనుట, ఖర్చయినను, తెలివైన పని.

ఫిర్యాదునకు క్రమమున్నది. ముందు సంస్థ ఫిర్యాదు కేంద్రమునకు చెప్పి డాకెట్ నంబరు తీసికొనవలెను. నంబరు లేని ఫిర్యాదు గాలిలో మాట వంటిది. తృప్తి కలుగనిచో అదే సంస్థలోని అప్పీలు అధికారికి 30 దినములలో అప్పీలు చేసికొనవచ్చును; దానికి రుసుము లేదు. 39 దినములలో తీర్పు చెప్పవలెనని ట్రాయ్ 2012 నిబంధనలు విధించుచున్నవి.

ఇక ఊరి వరకు వచ్చు పెద్దపోగు సంగతి. నల్లగొండ నేలలోని ఫ్లోరైడు నీటి బాధను తొలగించుటకును, రాష్ట్రమునకంతకు మంచినీరిచ్చుటకును చేపట్టిన మిషన్ భగీరథకు పోచంపల్లికి సమీపమున నున్న చౌటుప్పల్‌లోనే 2015 జూన్‌లో పైలాను ఆవిష్కరించిరి. ఆ నీటిగొట్టములకై త్రవ్విన కందకములలోనే గాజుపోగుల గొట్టమును కూడ పరచుట తెలంగాణ ఫైబరు గ్రిడ్ పథకములోని ఉపాయము. గాజుపోగు పరచుటలో ఖర్చంతయు మట్టి త్రవ్వుటలోనే యున్నది గనుక ఈ ఉపాయము మంచిదే. ఈ టి-ఫైబరు సేవను 2024 డిసెంబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని మద్దూరు మొదలగు కొన్నిచోట్ల ప్రయోగాత్మకముగా ఆరంభించిరి.

దేశమున 2011లో ఆమోదించిన ఈ తరహా పథకమున, అనగా తరువాత భారత్‌నెట్ అను పేరు పొందినదానిలో, మండల కేంద్రము నుండి గ్రామమునకు పోగును సరళరేఖగా వేసిరి. రోడ్డు వెడల్పు చేయు యంత్రము ఒక్కచోట దానిని కోసినచో ఆవలి గ్రామములన్నియు మూగబోయెడివి. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరణ పథకమున గ్రామములను వలయముగా కలుపవలెనని నిర్ణయించిరి. వలయములో ప్రతి గ్రామమునకును రెండు త్రోవలుండును. ఒకవైపు తెగినప్పుడు యంత్రము వెలుగును రెండవవైపు నుండి త్రిప్పి పంపును. చుట్టు తిరిగినందున త్రోవ 100 కిలోమీటర్లు పెరిగినదనుకొన్నను వెలుగునకు అదనముగా పట్టునది అర మిల్లీసెకను మాత్రమే. చీర బేరమాడుచున్న ఇద్దరిలో ఎవరికిని ఆ అర మిల్లీసెకను తెలియదు. తెగిన పోగును అతుకుటకు వచ్చినవారికి మాత్రము ఆ రోజంతయు పని.